ఆషాఢంలో ఫోన్ సర్దుకున్నాను: ఫైల్స్ బై గూగుల్ గురించి ఒక టైలర్ అనుభవం

మాది తణుకు. ఇంటి ముందు గదిలో ఆడవాళ్ల బట్టలు కుడతాను. రెండు మెషీన్లు, ఒక కటింగ్ బల్ల, హెమ్మింగుకీ హుక్కులకీ సాయం వచ్చే ఒక అమ్మాయి. అదే నా షాపు. పదహారేళ్ల నుంచీ ఇదే పని.

ఆషాఢంలో ముహూర్తాలు ఉండవు, కుట్టుపని తగ్గుతుంది. ఏటా ఆ నెలలోనే మెషీన్లకి సర్వీసు చేయిస్తాను. దారాల డబ్బాలు రంగుల వారీగా సర్దుతాను. నెలల తరబడి తీసుకెళ్లకుండా ఉండిపోయిన ఆది జాకెట్ల (కొలతకని ఇచ్చే పాత జాకెట్ల) మూటలు విప్పి, చీటీల మీద పేర్లు చూసి, ఒక్కొక్కరికీ ఫోన్ చేస్తాను. శ్రావణం వచ్చిందంటే ఊపిరి పీల్చుకోను కూడా తీరిక ఉండదు కాబట్టి సర్దుడంతా ఆషాఢంలోనే అయిపోవాలి. ఈ ఏడు ఆ సర్దుడులో ఫోన్‌ని కూడా చేర్చాను. దానికి వాడింది ఫైల్స్ బై గూగుల్ అనే యాప్. నాలాగా ఇంట్లోనే కుట్టేవాళ్లు, పిండివంటలు చేసి అమ్మేవాళ్లు, బ్యూటీ పార్లర్ నడిపేవాళ్లు, ఫోన్ మీదే బతుకుతెరువున్న ఎవరికైనా పనికొస్తుందని వివరంగా రాస్తున్నాను. అయిదు నక్షత్రాలకి నేను నాలుగు ఇస్తాను. ఒకటి ఎందుకు తగ్గించానో మధ్యలో చెప్తాను.

ముందు నన్ను ఈ పనికి పురమాయించిన సంగతి చెప్పాలి. ఎండాకాలం పెళ్ళిళ్లలో ఒక పెళ్ళికూతురి జాకెట్టు నా దగ్గరికి వచ్చింది. మగ్గం వర్కు, అంటే గుడ్డని చట్రానికి బిగించి చేత్తో చేసే ఎంబ్రాయిడరీ. వాళ్లమ్మగారు వాట్సాప్‌లో మూడు డిజైన్లు పంపి, రాత్రి పదింటికి "మూడోది ఖాయం చేశాం అండి" అని పెట్టారు. నా ఫోన్‌లో ఖాళీ లేదు. మూడో ఫొటో డౌన్‌లోడ్ కాక మసకగా అలాగే ఉండిపోయింది. నొక్కితే చోటు చాలదని వచ్చింది. రెండు వీడియోలు తీసేసి తర్వాత చూద్దాం అనుకున్నాను. తెల్లారేసరికి ఆ పైన నలభై మెసేజీలు వచ్చి పడ్డాయి. గుడ్ మార్నింగ్ పూలు, ఏకాదశి శుభాకాంక్షలు, ఎవరి పిల్లాడి డాన్సు వీడియోనో. పైకి జరుపుకుంటూ వెళ్లి, నాకు స్పష్టంగా కనిపించిన చివరి ఫొటోనే మూడోది అనుకున్నాను. అది రెండోది. వీపు వైపు లోతైన పాట్ నెక్. వాళ్లు అడిగింది మూసి ఉండే బోట్ నెక్, వెనక చిన్న నీటిబొట్టు ఆకారం. నేను పాట్ నెక్ గీత గీసి మగ్గానికి పంపేశాను. వర్కు పూర్తయి వచ్చాక గానీ తెలియలేదు.

మగ్గం వర్కు సంగతి తెలిసినవాళ్లకి చెప్పక్కర్లేదు. మెడ గీత వెంట జర్దోసీ (జరీ తీగల పని) పడ్డాక ఆ మెడని మార్చడం అవదు. గుడ్డ మళ్లీ కొని, వర్కు మళ్లీ చేయించి, రెండు రాత్రులు నిద్ర మానుకుని ముహూర్తానికి అందించాను. ఖర్చంతా నేనే పెట్టుకున్నాను. డబ్బు పోయినందుకు కాదు, ఆ తల్లి నా గదిలో కూర్చుని కళ్లనీళ్లు పెట్టుకున్నందుకు నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఆ తర్వాత ఒక సెల్ షాపుకి వెళ్తే "64 జీబీ ఈ రోజుల్లో ఏం సరిపోతుంది మేడం, 256 తీసుకోండి" అన్నారు. అంతకుముందు తెలిసినవాళ్ల కుర్రాడొకడు క్లీనర్ యాప్ ఏదో వేసి ఇచ్చాడు. అది గంటకోసారి ఎర్ర రంగులో మీ ఫోన్ ప్రమాదంలో ఉంది అని గోల పెట్టేది, తెరిస్తే ప్రకటనలు. దాన్ని తీసేశాకే ఫోన్ కాస్త కుదుటపడింది. అలాంటివి ఎవరి ఫోన్‌లో ఉన్నా ముందు తీసేయమనే చెప్తాను. కొత్త ఫోన్ కొనే మాట పక్కన పెట్టి, ఉన్నదాంట్లో ఏముందో ముందు చూద్దాం అనుకున్నాను.

ఫైల్స్ బై గూగుల్ కొత్తదేమీ కాదు. 2017 డిసెంబర్‌లో ఫైల్స్ గో అనే పేరుతో వచ్చింది, మరుసటి ఏడాది పేరు మార్చారు. చోటు తక్కువున్న చవక ఫోన్లని దృష్టిలో పెట్టుకుని, మన దేశంలాంటి చోట్లకని చేసిన యాప్. గుడ్ మార్నింగ్ బొమ్మలతో ఇక్కడి ఫోన్లు నిండిపోతున్నాయని, వాటిని పట్టి చూపించే ఏర్పాటు ఇందులో పెట్టారని 2018 మొదట్లో వార్తల్లో కూడా వచ్చింది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ముందే వేసి ఉంటుంది. నా ఫోన్‌లోనూ ఉంది. మూడేళ్లు దాన్ని ఒక్కసారి కూడా తెరవలేదు. డబ్బు కట్టక్కర్లేదు, ప్రకటనలు ఉండవు. ఆపిల్ ఫోన్ వాళ్లకి ఇది దొరకదు.

తెరిచాక క్లీన్ అని ఒక చోటు ఉంటుంది. అది నొక్కితే ఫోన్‌లో ఉన్నవాటిని గుంపులుగా విడదీసి చూపిస్తుంది: జంక్, ఒకటే ఫైలు రెండు మూడు సార్లు ఉన్నవి, పాత స్క్రీన్‌షాట్లు, పెద్ద ఫైళ్లు, మీమ్స్, డౌన్‌లోడ్ చేసి మర్చిపోయినవి, వాడని యాప్‌లు. ప్రతి గుంపు పక్కనా ఎంత చోటు మిగులుతుందో అంకె ఉంటుంది. నా 64 జీబీలో ఆ రోజు మిగిలింది 1.3 జీబీ మాత్రమే. ఫొటోలే ఆరువేల నాలుగు వందల పైన ఉన్నాయి.

మూడు మధ్యాహ్నాలు పెట్టుకున్నాను. భోజనం అయ్యాక రెండు నుంచి నాలుగున్నర దాకా. ఒక్క రోజులో చేసేద్దామని కూర్చోవద్దు. గంట దాటాక కళ్లు అలసిపోయి, చెయ్యి తనంతట తనే అన్నీ టిక్ పెట్టేస్తుంది.

మొదటి రోజు డూప్లికేట్లు. ఇక్కడే నాకు చాలా విషయాలు అర్థమయ్యాయి. ఒక సీరియల్లో హీరోయిన్ ఏదో జాకెట్టు వేసుకుందంటే, ఆ వారం అయిదుగురు కస్టమర్లు అదే ఫొటో పంపుతారు. నేను దాన్ని మగ్గం ఆయనకి పంపుతాను. ఆయన "ఇదేనా అక్కా" అని తిరిగి పంపుతాడు. ఆ ఫొటో నా ఫోన్‌లో ఏడు చోట్ల ఉంటుంది. యాప్ ఆ ఏడింటినీ పక్కపక్కన పెట్టి, ఒకటి ఉంచి మిగిలినవి తీసేయమంటారా అని అడుగుతుంది. ఏది ఉంచాలో మనమే మార్చుకోవచ్చు. డూప్లికేట్లలోనే 1.8 జీబీ ఖాళీ అయింది.

అయితే ఒక మెలిక ఉంది. నేను కెమెరాతో తీసిన ఫొటోని వాట్సాప్‌లో పంపితే, సైజు తగ్గిన మరో కాపీ వాట్సాప్ సెంట్ ఫోల్డర్‌లో చేరుతుంది. కంటికి రెండూ ఒకటే ఫొటో. కానీ ఫైలు అదే కాదు కనుక డూప్లికేట్ల లెక్కలోకి రాదు. ఆ సెంట్ ఫోల్డర్‌కి మనమే వెళ్లి చూసుకోవాలి. నాది తెరిస్తే మూడేళ్లుగా పంపిన ప్రతి ఫొటో అక్కడ కూర్చుని ఉంది. కుట్టి ఇచ్చేసిన జాకెట్ల ఫొటోలు, ధర చెప్పడానికి రాసి పంపిన చీటీల ఫొటోలు. అసలువి నా కెమెరా ఫోల్డర్లో ఉన్నాయని చూసుకుని అవి మొత్తం తీసేశాను. తీసేస్తే పాత చాట్‌లో ఆ ఫొటో ఇక తెరుచుకోదు. నాకు ఫర్వాలేదు. మీకు కావాలంటే ఉంచుకోండి.

రెండో రోజు స్క్రీన్‌షాట్లు. ఇక్కడ తొందరపడ్డాను. నాలుగు వందల పైన ఉన్నాయి, మొదటి యాభై చూస్తే అన్నీ డబ్బులు పంపిన స్క్రీన్‌షాట్లే. అడ్వాన్స్ వేశాం అని కస్టమర్లు పంపినవి దాచుకోవడం నాకు అలవాటు. నిజానికి వాటి అవసరం లేదు. డబ్బు వచ్చిందో లేదో పేమెంట్ యాప్‌లో చూస్తే తేదీతో సహా ఉంటుంది, నా ఎర్ర అట్ట పుస్తకంలో కూడా రాసుకుంటాను. అందుకని మొత్తం టిక్ పెట్టి తీసేశాను. రాత్రి పడుకునే ముందు గుర్తొచ్చింది, భీమవరం నుంచి ఒకావిడ వీడియో కాల్‌లో చీర అంచు చూపిస్తుంటే నేను తీసుకున్న స్క్రీన్‌షాట్ కూడా అందులోనే ఉందని. ఆ అంచు రంగుకి పైపింగ్ గుడ్డ నేనే వెతికి తేవాలి.

ఈ యాప్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది అప్పుడు తెలిసింది. తీసేసినవి వెంటనే పోవు. ట్రాష్ అనే చోట 30 రోజులు ఉంటాయి. లేచి, ఆ అంచు ఫొటో వెతికి, రిస్టోర్ నొక్కితే మళ్లీ దాని చోటుకి అది వచ్చేసింది. నాలాంటివాళ్లు ధైర్యంగా సర్దుకోవాలంటే ఈ 30 రోజుల గడువు ఉండాల్సిందే. కానీ గుర్తుంచుకోండి, ట్రాష్‌లో ఉన్నంతకాలం అవి చోటు తింటూనే ఉంటాయి. ఇంత తీసేసినా ఖాళీ పెరగలేదేంటి అని టెన్షన్ పడొద్దు. నాలుగైదు రోజులు ఆగి, ఏమీ గుర్తుకు రాకపోతే ట్రాష్ కూడా ఖాళీ చేయండి. జంక్ అని చూపించేది మాత్రం ట్రాష్‌కి వెళ్లదు, నేరుగా పోతుంది. అది యాప్‌లు పెట్టుకున్న తాత్కాలిక సరుకు, పోయినా నష్టం లేదు. నాలుగు రోజుల్లో మళ్లీ పేరుకుంటుంది కూడా, అందుకని దాన్ని రోజూ తుడవాల్సిన పని లేదు.

ఒక నక్షత్రం తగ్గించింది ఎందుకంటే, ఏది ముఖ్యమో ఈ యాప్‌కి తెలియదు. తెలిసే వీలు కూడా లేదు. పెద్ద ఫైళ్లు అని చూపించేవాటిలో మన పెళ్ళి వీడియో ఉండొచ్చు, ఎవరో పంపిన సినిమా ముక్కా ఉండొచ్చు. దానికి రెండూ ఒకటే. పాతది అన్నంత మాత్రాన పనికిరానిది కాదు. మా పనిలో పదేళ్ల కిందటి చేతుల మోడల్ మళ్లీ ఫ్యాషన్‌లోకి వస్తుంది. పొట్టి బుట్ట చేతులు వచ్చిపోయి మళ్లీ రావడం నేనే రెండుసార్లు చూశాను. అందుకని అది సలహా ఇచ్చిన ప్రతిదాన్నీ తెరిచి చూడక తప్పదు. అన్నీ ఒకేసారి ఎంచుకునే గుర్తు చేతికి దగ్గరగా ఉంటుంది. దాన్ని నొక్కకుండా ఉండండి.

వాడని యాప్‌లు పదిహేడు తేలాయి. ఫొటోకి పూల అంచులు పెట్టేవి, పిల్లలు వేసుకున్న ఆటలు, ఒక్కసారి బస్ టికెట్ కోసం వేసినది. తీసేశాను. దీని గురించి ఇంతకంటే చెప్పేదేం లేదు.

మూడో రోజు పెట్టిన పనే నాకు ఎక్కువ ఉపయోగపడింది. అది తీసేసే పని కాదు, సర్దే పని. ఈ యాప్‌లోనే కొత్త ఫోల్డర్లు చేసుకోవచ్చు, ఫొటోలు అందులోకి మార్చుకోవచ్చు. డిజైన్లు అని ఒకటి చేసి, అందులో బోట్ నెక్, పాట్ నెక్, కాలర్, చేతులు, మగ్గం, లంగా ఓణీ, పిల్లల ఫ్రాకులు అని విడివిడిగా చేశాను. పేరు ముందు 1, 2, 3 అని అంకె వేస్తే ఆ వరసలోనే ఉంటాయి. ఎక్కువగా అడిగే బోట్ నెక్‌కి 1 ఇచ్చాను. ఇలా చేశాక గ్యాలరీలో కూడా అవే ఆల్బమ్‌ల్లా కనిపిస్తున్నాయి. కస్టమర్ వచ్చి కూర్చున్నప్పుడు పాట్ నెక్ తెరిచి ఫోన్ చేతికిచ్చేస్తాను. ఇదివరకు అయితే వాళ్లు వేలితో జరుపుకుంటూ వెళ్తుంటే మధ్యలో మా ఇంటి ఫొటోలు, మా అత్తగారి మందుల చీటీలు అన్నీ కనిపించేవి.

ఆరువేల నాలుగు వందల్లో చివరికి ఉంచినవి 870. మా ఇంటి ఫొటోలు, పాత పెళ్ళి ఆర్డర్ల ఫొటోలు ఫోన్‌కే గుచ్చుకునే ఓటీజీ పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించి బీరువాలో పెట్టాను. పెన్‌డ్రైవ్ గుచ్చితే ఇదే యాప్‌లో కనిపిస్తుంది, కంప్యూటర్ అక్కర్లేదు.

సేఫ్ ఫోల్డర్ గురించి ఆడవాళ్ల బట్టలు కుట్టేవాళ్లందరికీ ప్రత్యేకంగా చెప్పాలి. ట్రయల్ వేసినప్పుడు భుజం దగ్గర ఎక్కడ జారుతోందో, చంక దగ్గర ఎక్కడ ముడత పడుతోందో గుర్తుండాలని వాళ్లని అడిగి ఫొటో తీస్తాను. వేరే ఊళ్ల వాళ్లు వాళ్లే తీసి పంపుతారు. అవి నమ్మకంతో ఇచ్చిన ఫొటోలు. గ్యాలరీలో అందరికీ కనిపించేలా ఉండకూడదు. సేఫ్ ఫోల్డర్‌లోకి మారిస్తే పిన్ కొడితే గానీ తెరుచుకోదు, గ్యాలరీలో కనిపించదు. ఇదివరకు ఈ జాగ్రత్త తీసుకోనందుకు నాకు చాలా తప్పుగా అనిపించింది. బట్ట ఇచ్చేశాక ఆ ఫొటోలు తీసేస్తానని ఇప్పుడు కస్టమర్లకి ముందే చెప్తున్నాను, తీసేస్తున్నాను. పిన్ మర్చిపోతే మాత్రం లోపలున్నవి మళ్లీ తెరవలేం. ఎక్కడైనా రాసి పెట్టుకోండి.

ఇంతా చేసినా ఒక పక్క వాట్సాప్ అలాగే ఉంది. ఫైల్స్ యాప్ వాట్సాప్ ఫొటోల్నీ వీడియోల్నీ చూపిస్తుంది గానీ, ఏ గ్రూపు ఎంత చోటు తింటోందో తెలియాలంటే వాట్సాప్‌లోకే వెళ్లాలి. సెట్టింగ్స్, అందులో స్టోరేజ్ అండ్ డేటా, అందులో మేనేజ్ స్టోరేజ్. అక్కడ ఎక్కువ చోటు పట్టిన చాట్ పైన ఉండేలా వరసగా కనిపిస్తాయి. నాకు మొదట కనిపించింది మా పుట్టింటివాళ్ల గ్రూపు, 6 జీబీ. రెండోది మా వీధి గ్రూపు. కస్టమర్లందరిదీ కలిపినా అంత లేదు. పైనే 5 ఎంబీ దాటినవి అని ఒక పెట్టె, చాలాసార్లు ఫార్వర్డ్ అయినవి అని ఇంకో పెట్టె ఉంటాయి. ఆ రెండో పెట్టె తెరిచి, పైపైన చూసి తీసేస్తే చాలు. చేతులు మారి మారి వచ్చినవే అందులో ఉంటాయి.

తర్వాత అదే స్టోరేజ్ అండ్ డేటాలో ఆటో డౌన్‌లోడ్ మొత్తం ఆపేశాను. ఇప్పుడు ఫొటో నేను నొక్కితేనే దిగుతుంది. ఇది ఆపకుండా ఎంత సర్దినా నెల తిరిగేసరికి మళ్లీ నిండుతుంది. మీడియా విజిబిలిటీ అనేది కూడా ఆపాను. గ్రూపులో వచ్చినవి గ్యాలరీలో కలవవు. గ్రూపులన్నీ ఆర్కైవ్‌లోకి పంపాను. మా పుట్టింటి గ్రూపు నుంచి బయటికి రాలేదు, రాను కూడా. అమ్మ అందులో రోజూ పొద్దున్నే దేవుడి బొమ్మ పెడుతుంది. అది పెట్టిందంటే అమ్మ లేచింది, బాగుంది అని. రాత్రి పని అయ్యాక తెరిచి చూస్తాను, అమ్మకి ఫోన్ చేస్తాను. ఎవరైనా గ్రూపులన్నీ వదిలేయండి అని సలహా ఇస్తే నేను ఒప్పుకోను.

షాపు నంబర్‌ని వాట్సాప్ బిజినెస్‌కి మార్చాను. ఇది కూడా ఉచితమే, 2018 నుంచి ఉంది. పాత చాట్లు కూడా దాంట్లోకి వచ్చేశాయి. ఇందులో ప్రతి చాట్‌కీ లేబుల్ పెట్టుకోవచ్చు, ఇరవై దాకా చేసుకోవచ్చు. నేను ఆరు చేశాను: ఆది వచ్చింది, కటింగ్, మగ్గానికి వెళ్లింది, ట్రయల్, రెడీ, బాకీ. ఒక్కొక్కదానికీ ఒక్కో రంగు. మగ్గానికి వెళ్లింది నొక్కితే ఆ ఆరేడుగురే కనిపిస్తారు. ఇదివరకు ఎవరిది ఎక్కడుందో అంతా నా బుర్రలో ఉండేది. రాత్రి పడుకున్నా మెదడు ఆ లెక్కే చేసేది. ఇప్పుడు ఆ బరువు దిగింది. మనకి బాగా ఉపయోగపడేది ఏది అని అడిగితే ఈ లేబుళ్లనే చెప్తాను.

కొలతలు మాత్రం ఫోన్‌లోకి ఎక్కించలేదు. కొలతల పుస్తకం పొడుగుది, టేపుతో పాటు బల్ల మీదే ఉంటుంది. సుద్ద చేత్తో ఫోన్ ముట్టుకుంటూ అంకెలు చూసుకోవడం నాకు కుదరదు. పెన్సిల్‌తో పక్కన కుడి భుజం పావంగుళం దిగువ అని రాసుకుంటే ఒక్క చూపులో తెలుస్తుంది. ఫోన్‌లో అన్నీ పెట్టేయాలని పట్టుదల అవసరం లేదు.

చప్పుళ్ల సంగతి. కత్తెర పట్టుకున్నప్పుడు టింగ్ మంటే చూపు అటు పోతుంది. పట్టు గుడ్డ మీద చూపు పోయినంతసేపట్లో కత్తెర అరంగుళం పోతుంది. నోటిఫికేషన్ వచ్చినప్పుడు దాన్నే కాసేపు నొక్కి పట్టుకుంటే దాన్ని ఆపేసే మార్గం అక్కడే వస్తుంది. సెట్టింగుల్లో వెతకనక్కర్లేదు. వారం రోజులు ఏది మోగితే దాన్ని అలా ఆపుకుంటూ పోయాను. చివరికి మోగడానికి మిగిలినవి మూడు: ఫోన్ కాల్, షాపు వాట్సాప్, డబ్బులు పడ్డ మెసేజ్.

దాంతోపాటు ఫోన్ సెట్టింగ్స్‌లో డిజిటల్ వెల్‌బీయింగ్ అని ఉంటుంది. రోజుకి ఎన్నిసార్లు ఫోన్ తెరిచామో అంకె చూపిస్తుంది. నాది 143 వచ్చింది. అందులోనే ఫోకస్ మోడ్ ఉంది. పొద్దున పదకొండు నుంచి ఒంటిగంట దాకా నా కటింగ్ వేళ. ఆ రెండు గంటలు చిన్న వీడియోల యాప్‌లు, షాపింగ్ యాప్ వాటంతటవే ఆగిపోయేలా పెట్టుకున్నాను. కాల్స్ వస్తాయి. మొదటి మూడు రోజులు చెయ్యి అలవాటుగా వాటి మీదికే వెళ్లింది. బూడిద రంగులో ఉన్న గుర్తు చూసి వెనక్కి తీసుకున్నాను. ఇదివరకు ఆ రెండు గంటల్లో మూడు జాకెట్లు కత్తిరించేదాన్ని. ఇప్పుడు అయిదు అవుతున్నాయి. హోమ్ స్క్రీన్ మొదటి పేజీలో ఫోన్, కెమెరా, షాపు వాట్సాప్, కాలిక్యులేటర్, డిజైన్ల ఫోల్డర్ మాత్రమే ఉంచాను.

ఇంకొకటి మర్చిపోయేదాన్ని, జీమెయిల్ నిండిపోయిందని కూడా మెసేజ్ వచ్చేది. గూగుల్ ఉచితంగా ఇచ్చే 15 జీబీ మెయిల్‌కీ డ్రైవ్‌కీ ఫొటోలకీ అన్నిటికీ కలిపి. 2021 జూన్ 1కి ముందు సైజు తగ్గించే హై క్వాలిటీలో ఎక్కించిన ఫొటోలు ఈ లెక్కలోకి రావు, ఆ తర్వాత ఎక్కించినవి వస్తాయి. వాట్సాప్ బ్యాకప్ కూడా 2024 నుంచి ఇందులోనే కలుస్తోంది. బ్యాకప్ సెట్టింగులో వీడియోలు కలపడం ఆపేస్తే చాలా తగ్గుతుంది. నాది దానితోనే సరిపోయింది. డబ్బు కట్టి చోటు కొనాల్సిన పని పడలేదు.

మూడు మధ్యాహ్నాలు, తర్వాత వారం రోజుల చిన్న చిన్న సవరణలు. ఖాళీ 1.3 జీబీ నుంచి 31 జీబీకి వచ్చింది. కెమెరా తెరిచిన వెంటనే తెరుచుకుంటోంది. కొత్త ఫోన్‌కని పక్కన పెట్టుకున్న డబ్బుతో పికో మెషీన్ కొన్నాను. చీరల అంచులకి ఇదివరకు బయటికి పంపేదాన్ని. ఇప్పుడు ప్రతి నెలా అమావాస్య నాడు, ఆ రోజు కొత్త ఆర్డర్లు ఎవరూ ఇవ్వరు కాబట్టి, అరగంట కూర్చుని క్లీన్ తెరిచి చూసుకుంటున్నాను. అంతకంటే ఎక్కువ సమయం పట్టడం లేదు.

వరలక్ష్మీ వ్రతానికి పది రోజుల ముందు అత్తిలి నుంచి ఒకమ్మాయి కొత్తగా ఫోన్ చేసింది. కంచి పట్టుకి జాకెట్టు, మెడ ఏది పెట్టాలో తేలడం లేదంది. ఫోన్ చెవి దగ్గర ఉండగానే బోట్ నెక్ ఫోల్డర్ తెరిచి నాలుగు పంపాను. "రెండోది అక్కా, కానీ వెనక డోరీ వద్దు" అంది. ఆ ఫొటో తెరిచి, స్పష్టంగా కనిపిస్తోందని చూసుకుని, "వెనక మూసి, పక్క హుక్కులు, డోరీ లేదు, అంతేగా అమ్మా" అని తిరిగి రాసి పంపాను. అవునని వచ్చాక ఆ చాట్‌కి ఆది వచ్చింది లేబుల్ పెట్టలేదు, ఆది జాకెట్టు ఇంకా రాలేదు కదా. మర్నాడు వాళ్ల తమ్ముడు బండి మీద తెచ్చి ఇచ్చాడు, అప్పుడు పెట్టాను.